తిరిగివ్వకూడని కుండ

చెంగ్దు,
నవంబరు, చలి మొదలైంది

హుయ్‌రోంగ్ వదినకి,

"ఇక్కడ క్షేమం, అక్కడ క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టి, ఆ కాగితం చింపేశాను. ఇక్కడ క్షేమం లేదు కాబట్టే రాస్తున్నాను. అన్నయ్య ఎలా ఉన్నాడో మాత్రం నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

నా తల పగిలిపోతోంది వదినా. తలంతా కాదు, ఎడమ సగం. ముందు కంటి కొసన ఏదో తళతళమంటుంది. రంగస్థలం మీద దీపాలు ముక్కలు ముక్కలుగా కనిపిస్తాయి. కాసేపటికి కణతలో ఎవరో సుత్తి పెట్టి కొడతారు. కడుపులో తిప్పేస్తుంది. పక్కన ఎవరైనా పుచ్చగింజలు కొరికినా భరించలేను. డోలు వాయించి బతికేదానికి చప్పుడు పడకపోవడం ఏమిటో నువ్వే చెప్పు. పెద్దాసుపత్రిలో మైగ్రేన్ అన్నారు, మాత్రలిచ్చారు. వాటితో నొప్పి తగ్గింది గానీ మగత కమ్మేసి తాళం జారిపోయింది. మా నాటక మేళంలో అందరూ నా పుల్లల వంక చూసే కదులుతారు. నేను తప్పితే రాజుగారు పొడవకముందే చచ్చిపోతారు, సేనాపతి కత్తి ఎత్తి అలాగే నిలబడిపోతాడు.

పోయిన నెల ఆట మధ్యలో పుల్లలు కింద పెట్టి బయటికి పరుగెత్తాను. అలా చేయడం అది మొదటిసారి కాదు. మా మేనేజరు చూ నన్ను పక్కకి పిలిచి, "షూఫెన్ అక్కా, ఏప్రిల్లో, పెద్దల సమాధులకి మొక్కే చింగ్‌మింగ్ రోజున, దూజ్యాంగ్‌యెన్‌లో పొలాలకి నీళ్ళు వదిలే పండగకి ఆట ఒప్పుకున్నాను. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా. అక్కడ కూడా లేచి వెళ్ళిపోయావంటే డోలు పాంగ్ లియాంగ్‌కి ఇవ్వక తప్పదు. నన్ను తిట్టుకోకు" అన్నాడు. అన్ని ఊళ్ళు ఉండగా మన ఊరే దొరికింది వాడికి. పాంగ్ లియాంగ్ మా జేగంట వాయించేవాడు. వయసులో నాకు సగం, నోటిలో నాకు రెండింతలు. పదహారేళ్ళప్పుడు నేను ఇంట్లోంచి పారిపోయింది ఈ డోలు కోసమే. ఇది కూడా పోతే ఇక నాకంటూ ఏమీ మిగలదు.

ఇక అసలు సంగతి. నాన్న పోయేముందు, రోగుల మణికట్టు కింద పెట్టే తన నాడి దిండు నీకిచ్చాడని తెలిసిన రోజున, నేను గుమ్మంలో నిలబడి "ఇక ఈ ఇంటికి నేను పరాయిదాన్ని" అని వెళ్ళిపోయాను. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. పరాయి రోగులకి నువ్వు మందిస్తావు గదా. ఒక పరాయి రోగిగానే అడుగుతున్నాను, మందు పంపు.

షూఫెన్


దూజ్యాంగ్‌యెన్,
తాన్ మందుల కొట్టు

పరాయి రోగిగారికి,

ఆరేళ్ళకి ఒక ఉత్తరం వచ్చింది, అదీ సగం తల గురించి. మిగతా సగం బాగానే ఉందని తెలిసి సంతోషించాం. మీ అన్నయ్య పొలంలో పని ఆపి వచ్చి నా వెనకాల నిలబడి "ఇంకోసారి చదువు" అంటూ ప్రాణం తీశాడు. ఆ తర్వాత వీధి చివర టీ కొట్టుకి వెళ్ళి, మా చెల్లెలు ఉత్తరం రాసిందని అందరికీ చెప్పి వచ్చాడు. ఏం రాసిందని అడిగితే, తలనొప్పట అని మహా ఆనందంగా చెప్పాడట.

పరాయి రోగులు నా బల్ల దగ్గరికి వచ్చి, దిండు మీద మణికట్టు పెట్టి కూర్చుంటారు. పోస్టులో నాడి చూడడం మీ నాన్న నాకు నేర్పలేదు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇక్కడుంటావు. రావని తెలుసులే. తాన్ వాళ్ళ మొండితనం నాకేం కొత్త, ఒకరితో కాపురమే చేస్తున్నాను.

కాబట్టి అడిగినవాటికి దాచకుండా జవాబు రాయి. నొప్పి ఎడమవైపే వస్తుందా, పక్క మారుతుందా? కోపం వచ్చాక వస్తుందా, ఆకలేసినప్పుడా? నిద్ర పడుతోందా? పాదాలు చల్లగా ఉంటాయా? ఆట అయ్యాక ఏం తింటావు? నాలిక ఏ రంగులో ఉంది, దాని మీద పూత ఎలా ఉంది? ఈ చివరిది అద్దంలో చూసి సరిగ్గా రాయి. నాలిక గురించి అబద్ధం చెబితే నాకు తెలిసిపోతుంది. నీ నాలిక సంగతి నాకు ఆరేళ్ళ కిందటే తెలుసు.

హుయ్‌రోంగ్


చెంగ్దు,
డిసెంబరు

వదినకి,

నాలిక రంగు మాటల్లో చెప్పడం నావల్ల కాలేదు. ఎర్రగా ఉందని రాస్తే ఎంత ఎరుపు అంటావు. అందుకని మాకు వేషాలు వేసే కె మాస్టారు ముందు నాలిక చాపి కూర్చున్నాను. ఆయన రాక్షసుల మొహాలకి కలిపే రంగులే కలిపి, ఇదిగో, ఈ కాగితం మీద నాలిక దింపేశారు. అంచులు ఎరుపు, మధ్యలో పల్చటి పసుపు పూత. పక్కన పళ్ళ గుర్తులు కూడా వదల్లేదు ఆయన. గీస్తున్నంతసేపూ మేళమంతా చుట్టూ చేరి నాలికలు చాపింది. పాంగ్ లియాంగ్ అయితే, "నాది కూడా గీసి పంపండి మాస్టారూ, ఆవిడ డోలుతోపాటు జబ్బు కూడా నాకే వస్తుందేమో" అన్నాడు. వీపు మీద నా పుల్ల దెబ్బ పడింది.

జవాబులు: ఎడమవైపే. ఆట ఉన్న రోజున తినను, కడుపు నిండా ఉంటే చెయ్యి బరువవుతుంది. ఆట అయ్యాక అందరం కూర్చుని కుంపటి మీద మిరపకాయల పులుసు మరగబెట్టుకుని తింటాం. నిద్ర కలతగా ఉంటుంది. పాదాలు మంచు. కోపం ఎప్పుడూ ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకు.

అన్నయ్య తలనొప్పని విని ఆనందించాడా? వాడి బుద్ధి మారలేదు.

షూఫెన్


దూజ్యాంగ్‌యెన్,
డిసెంబరు, వాన

మరదలికి,

నీ నాలిక చాలా అందంగా ఉంది. మీ అన్నయ్య దాన్ని గోడకి అంటించాడు. వచ్చిన రోగులంతా ఇదేం పువ్వు అని అడుగుతున్నారు.

నీకు కాలేయంలో గాలి లేచి తలకెక్కింది. పస్తు, ఆ పైన మిరపకాయలు, ఆ పైన కోపం. అది ఎక్కక ఏం చేస్తుంది. పూర్తిగా పోతుందని నేను చెప్పను, అలా చెప్పేవాళ్ళని నమ్మకు. రావడం తగ్గుతుంది, వచ్చినా కూర్చోగలిగేంతగా వస్తుంది. ఆసుపత్రి మాత్రలు పారేయకు, మరీ భరించలేనప్పుడు వేసుకో.

బస్సు డ్రైవరు యెన్ చేతికి పొట్లాలు, ఒక కుండ ఇచ్చాను. పొట్లంలో ఉన్నది చువాన్‌శ్యుంగ్ దుంప, మీ అన్నయ్య పొలంలోదే, పొగ మీద ఆరబెట్టింది. తలనొప్పికి దాన్ని మించింది మన దగ్గర లేదు. ఇంకా తియెన్మా గడ్డ, చేమంతి పూలు. మిగతావి నా ఇష్టం, రోగికి అన్నీ చెప్పనక్కర్లేదు. చిన్న పొట్లంలో విడిగా కట్టింది కొక్కేల తీగ. అది చివర్లో దించబోయేముందు వేయాలి, ముందే వేసి మరిగిస్తే దానిలో సారం పోతుంది. ముందు చన్నీళ్ళలో నానబెట్టు, సన్నటి మంట మీద కాచు, వడగట్టి గోరువెచ్చగా తాగు. పిప్పి తీసుకెళ్ళి నలుగురూ నడిచే దారిలో పోసెయ్యి. తొక్కిన వాళ్ళ కాళ్ళతో జబ్బు వెళ్ళిపోవాలి.

కుండ మీ నాన్నది. రంగస్థలం వాళ్ళకి ఇలాంటివి గుర్తుంటాయో లేదో, అందుకని చెబుతున్నాను. కషాయం కుండ అరువిస్తాం, తిరిగి పుచ్చుకోం. తెచ్చి ఇస్తే కుండతోపాటు జబ్బు కూడా గుమ్మం ఎక్కుతుంది. నాకు కావలసినప్పుడు నేనే వచ్చి తీసుకెళ్ళాలి. నాకు బస్సు పడదని నీకు తెలుసు, కాబట్టి నిశ్చింతగా ఉంచుకో.

చిన్నప్పుడు మందు వాసన వస్తే నువ్వు కోళ్ళ గూట్లో దూరేదానివట. ఇప్పుడు గూడు పట్టదు, బుద్ధిగా తాగు.

హుయ్‌రోంగ్


చెంగ్దు,
జనవరి

వదినకి,

పొట్లాలు అయిపోయాయి. నొప్పి పోలేదు.

ఎంత కష్టపడ్డానో నీకు తెలియదు. మా వసతిలో అందరికీ ఒకటే పొయ్యి. నేను కుండ ఎక్కించగానే వంటావిడ ముక్కు మూసుకుని బయటికి పోయేది. ఆ కషాయం కాకరకాయలు కాచినట్టుంది, చేదు విషం. గుటక గుటకకీ నిన్ను తలుచుకున్నాను, మంచిగా మాత్రం కాదు.

పిప్పి నువ్వు చెప్పినట్టే వీధి మలుపులో పోశాను. పాంగ్ లియాంగ్ సైకిలు మీద వచ్చి సరిగ్గా దాని మీదే జారి పడ్డాడు. లేచి, అదేమిటో వాసన చూసి, తల పట్టుకుని "అయ్యో, ఎక్కేసింది, ఎక్కేసింది" అని వసతి దాకా ఏడుస్తూ వచ్చాడు. ఆ రోజంతా నా ముందు కణత నొక్కుకుంటూ తిరిగాడు. వీధి ఊడ్చే ఆవిడ మాత్రం నన్ను చీపురుతో తరిమింది. నవ్వొచ్చిన రోజు అదొక్కటే.

మొన్న ఆటలో మళ్ళీ దీపాలు ముక్కలయ్యాయి. పళ్ళు బిగించి చివరిదాకా లాగాను, తర్వాత తెర వెనక వాంతి. చింగ్‌మింగ్ దగ్గరికొస్తోంది. చెప్పకూడదు గానీ, చెబుతున్నాను. దిండు నీకు వచ్చింది, నాన్న చెయ్యి రాలేదు.

షూఫెన్


దూజ్యాంగ్‌యెన్,
ఉత్తరం అందిన రోజే

షూఫెన్‌కి,

నువ్వు మందు తాగలేదు.

నీ కోసం ఆ పొట్లాల్లో అతిమధురం దట్టించాను, ఎర్ర రేగుపళ్ళు వేశాను. మీ అన్నయ్య రుచి చూసి ఇది మందా పాయసమా అన్నాడు. చేదంటే పారిపోయేదానివని మీ నాన్న చెప్పిన మాట గుర్తుపెట్టుకుని, ఒక్కొక్క చేదు వేరునీ తీసేసి, దాని బదులు ఇంకోటి వెతికి వేశాను. అది నాలిక్కి ఘాటుగా తగులుతుంది, కాస్త తిమ్మిరెక్కిస్తుంది, తర్వాత తియ్యగా ఉంటుంది. కాకరకాయ ఎక్కడినుంచి వచ్చింది? మందంటే చేదుగానే ఉంటుందనుకుని రాసేశావు.

నా చెయ్యి మంచిది కాదని తాగినవాళ్ళు అంటే వింటాను. తాగకుండా అనడానికి నువ్వెవరివి? చాలా కోపం వచ్చింది. కోపంలోనే ఇంకో విడత పొట్లాలు కట్టాను, యెన్ తెస్తున్నాడు. ఎవరు తాగారో రాయి.

హుయ్‌రోంగ్


చెంగ్దు,
జనవరి చివర

వదినకి,

కె మాస్టారు తాగారు. ఆయన మోకాలు నొప్పి తగ్గిందట. ఇంకా కావాలంటున్నారు.

నిజంగానే కాచాను వదినా. నువ్వు చెప్పినట్టు నానబెట్టి, సన్నటి మంట పెట్టి, కొక్కేల తీగ చివర్లో వేశాను. మూత తీశాను. ఆవిరి మొహానికి కొట్టింది. నాన్న చొక్కా వాసన. వానాకాలం పొద్దున కొట్టు వెనక గదిలో నాన్న విసనకర్రతో పొయ్యి విసురుతూ, నా వైపు చూడకుండానే "లేచావా" అనేవాడే, ఆ గది మొత్తం నా మొహం మీదకి వచ్చింది. గిన్నె ఎత్తాను, గొంతు దిగలేదు. దిండు నీకిచ్చి, నాకు ఒక మాటైనా చెప్పకుండా కళ్ళు మూసుకున్నాడు. ఆయన కుండలోంచి నేనెలా తాగను?

మాస్టారు పక్కనే ఉన్నారు, ఆయన చేతిలో పెట్టేశాను. రోజూ అంతే. నీ చెయ్యి గురించి అన్న మాట కొట్టేయి.

ఒక్కటి అడుగుతాను. నిజం రాయి. నీకెందుకిచ్చాడు?

షూఫెన్


దూజ్యాంగ్‌యెన్,
ఫిబ్రవరి, మన కొత్త సంవత్సరం వంటలు పొయ్యి మీదున్నాయి

షూఫెన్‌కి,

నేను అడిగాను కాబట్టి ఇచ్చారు. అంతే. నువ్వు ఆరేళ్ళుగా ఏమేమో అనుకున్నట్టున్నావు.

ఆయన మంచాన పడ్డాక రోగులు నా దగ్గరికి వస్తుండేవారు. ఒట్టి బల్ల మీద మణికట్టు పెట్టమనడం నాకు సిగ్గుగా ఉండేది. "ఆ దిండు షూఫెన్‌కి ఉంచారా, నేను వాడుకోవచ్చా" అని అడిగాను. ఆయన నవ్వారు. "దానికి దిండెందుకు? రంగస్థలం మీద ఎంతమంది ఉన్నారో అంతమంది నాడీ అది రెండు పుల్లలతో పట్టుకుని కూర్చుంటుంది. నేను జీవితంలో ఒకసారికి ఒక్కడి నాడి మాత్రమే పట్టుకున్నాను" అన్నారు. నువ్వు వచ్చేసరికి ఆయనకి మాట పడిపోయింది. నువ్వు గుమ్మంలోంచి అరిచి వెళ్ళిపోయావు. చెప్పడానికి వీధిలోకి పరుగెత్తాను, నీ బస్సు కదిలిపోయింది. ఉత్తరం రాద్దామంటే నాకూ పౌరుషం వచ్చింది, పరాయిదాన్నన్నావు గదా, పరాయిదానిలాగే ఉండు అనుకున్నాను. ఇందులో నా తప్పు ఉంది, ఎంత ఉందో నువ్వే తూచుకో.

పొలంలో దుంపలు తవ్వాక వాటిని అమ్మడానికి చెంగ్దు వెళ్ళినప్పుడల్లా ఆయన వెనక వరసలో నిలబడి మీ ఆట చూసేవారు. నీకు కనిపించకుండా వచ్చేసేవారు. కనిపిస్తే తాళం తప్పుతుందని భయం.

ఇంకొకటి. ఆ కుండ నీకివ్వమన్నది కూడా ఆయనే. "ఎప్పుడో ఒకనాడు అది మందు అడుగుతుంది. అప్పుడు నీ కుండ ఇవ్వకు, నాది ఇవ్వు" అన్నారు. ఎందుకని అడిగితే చెప్పలేదు. నాకూ తెలియదు.

ఇప్పుడు లేచి కషాయం కాచుకో. మోకాలి మనిషికి వేరే పొట్లం పంపుతున్నాను, నీది ముట్టుకుంటే ఆయనకి సూదులు గుచ్చుతానని చెప్పు.

హుయ్‌రోంగ్


చెంగ్దు,
మార్చి, వీధంతా పీచ్ పూలు

వదినకి,

తాగుతున్నాను. మొదటి గిన్నె ఏడుస్తూ తాగాను, రెండోది ఊరికే తాగాను, ఇప్పుడు రుచి కోసం కూడా తాగుతున్నానేమో అనిపిస్తోంది. తియ్యగానే ఉంది. వంటావిడ ఇప్పుడు ముక్కు మూసుకోవడం లేదు, మూత తీసి వాసన చూస్తోంది.

ఆట రోజున పొద్దున గంజి తాగుతున్నాను. మిరపకాయల కుంపటి దగ్గర కూర్చుని నేను ఉడికించిన ముల్లంగి తింటుంటే మేళమంతా నన్ను చూసి జాలిపడుతోంది. అయినా ఫిబ్రవరి నుంచి నొప్పి రావడం బాగా తగ్గింది. పోయినవారం వచ్చింది గానీ, పక్క గదిలో ఎవరో గొణుగుతున్నట్టు వచ్చి పోయింది, పుల్లలు చేతిలోనే ఉన్నాయి. పాంగ్ లియాంగ్ నా మొహం చూసి, "అక్కా, నీ రంగు బాగుపడుతోంది, నా బతుకు చెడుతోంది" అన్నాడు. వెధవ, కానీ రోజూ నా కుండకి బొగ్గులు తెచ్చి పెట్టేది వాడే.

చింగ్‌మింగ్‌కి వస్తున్నాం. మేళంతోపాటు బస్టాండు పక్క సత్రంలో దిగుతాను. కొట్టుకి రాను వదినా. నీ మీద కోపం లేదు, దిండు మీదా లేదు. అంత గట్టిగా అని వెళ్ళిన గుమ్మం మళ్ళీ ఎలా ఎక్కాలో తెలియడం లేదు, అంతే. కుండ మాత్రం వెంట తెస్తాను, రోజూ కాచుకోవాలి గదా. భయపడకు, నీ గుమ్మానికి తేను. నాతోనే చెంగ్దు తీసుకెళ్ళిపోతాను.

షూఫెన్


దూజ్యాంగ్‌యెన్, బస్టాండు పక్క సత్రం,
పండగకి ముందురోజు మధ్యాహ్నం, యెన్ చేతికిచ్చి

వదినా,

నొప్పి వచ్చేసింది. బస్సులో డీజిలు వాసన, కిటికీలోంచి ఎండ, నా సీటు వెనక పాంగ్ లియాంగ్ పాట. ఊరి మలుపు దగ్గర నది కనబడగానే కంటి కొసన తళతళ మొదలైంది. ఇప్పుడు దుప్పటి కప్పుకుని రాస్తున్నాను, గీతలు వంకరపోతే ఏమనుకోకు.

సత్రం వంటవాడు పొయ్యి ఇవ్వనంటున్నాడు. పండగ ముందు రోజు కషాయం కాస్తే తన సత్రానికి అరిష్టమట, బతిమాలినా వినలేదు. మాత్ర వేసుకుంటే రేపు పొద్దున మగత వదలదు. రేపు డోలు ముందు కూర్చోలేకపోతే నా పని అయిపోయినట్టే. చూ ఇప్పటికే రెండుసార్లు తలుపు తీసి చూసి వెళ్ళాడు.

నీ పొయ్యి దగ్గరికి రావాలని ఉంది. కాని చేతిలో కుండ ఉంది. కుండతో గుమ్మం ఎక్కితే తిరిగి తెచ్చినట్టవుతుంది, ఈ తలనొప్పిని మీ ఇంట్లో దింపినదాన్నవుతాను. కుండ ఇక్కడ వదిలేసి రావాలంటే మనసొప్పడం లేదు. నీ కుండలోనే కాచి యెన్‌తో పంపు.

షూఫెన్


తాన్ మందుల కొట్టు,
అప్పుడే

పంపను.

ఆ పట్టింపు పరాయివాళ్ళకి. పరాయివాళ్ళు తెస్తే తిరిగివ్వడం, జబ్బు ఎక్కడం, అన్నీ ఉంటాయి. ఇంటిపిల్ల తన నాన్న కుండ పట్టుకుని ఇంటికొస్తే దాన్ని ఇంటికి రావడం అంటారు. నువ్వెవరివో తేల్చుకుని బయల్దేరు. తేల్చుకోవడం ఇప్పుడు కాకపోతే కుదరదు, పొయ్యి అంటించేశాను, బొగ్గు దండగ.

ఎండ కంట్లో పడుతుందని మీ అన్నయ్య గొడుగు పట్టుకుని సత్రం ముందు నిలబడి ఉన్నాడు. లోపలికి రావడానికి ఆయనకి మొహమాటం. కిటికీలోంచి చూడు.


చెంగ్దు,
ఏప్రిల్

వదినకి,

నువ్వు మొదటి వరసలో కూర్చుని అంతా చూశావు కాబట్టి ఆట గురించి రాయను. చూడనివి రాస్తాను.

మూడో అంకంలో నదిలో కట్ట తెంచి నీళ్ళు వదిలినప్పుడు జనం ఒక్కసారిగా హోరెత్తారు చూడు, అప్పుడు కణతలో చిన్నగా కదిలింది. ముందురోజు నా ఎడమ చెయ్యి నీ దిండు మీద పెడితే, నువ్వు నాడి మీద వేళ్ళు ఆనించి ఎంతోసేపు కూర్చున్నావు. ఆ వేళ్ళు ఎంత నెమ్మదిగా ఉన్నాయో గుర్తొచ్చింది. తాళం కొంచెం నెమ్మది చేశాను. కత్తియుద్ధం పోయి నాట్యంలా అయింది, జనం దానికే చప్పట్లు కొట్టారు. నొప్పి అక్కడే ఆగిపోయింది. వెనక వరస వైపు కూడా చూశాను, ఒకసారి. తాళం తప్పలేదు.

చూ వచ్చి "డోలు నీదే అక్కా" అన్నాడు. పాంగ్ లియాంగ్ "అమ్మయ్య" అన్నాడు. అదేమిట్రా అంటే, "పొద్దస్తమానం అంత బాధ్యతతో కూర్చుంటే నాకే వచ్చేది తలనొప్పి" అన్నాడు. వాడికి డోలు నేర్పడం మొదలుపెట్టాను. ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో ఒకరికి ఇవ్వాలి గదా. అడిగితే ఇచ్చేస్తానని చెప్పాను, నవ్వుతూ.

నాన్న సమాధి దగ్గర నేను ఎక్కువసేపు కూర్చున్నానని అన్నయ్య కంగారుపడ్డాడు. ఆయనకి చెప్పుకోవలసింది చాలా ఉంది, అందుకని ఆలస్యమైంది. తియ్యగా ఉందని కూడా చెప్పాను.

కుండ అల్మారాలో పై అరలో, దాని పాత చోటులో పెట్టాను. చూసే ఉంటావు. నొప్పి మళ్ళీ వస్తే వచ్చి కాచుకుంటాను. రాకపోయినా వస్తాను.

షూఫెన్


దూజ్యాంగ్‌యెన్,
ఏప్రిల్, దుంపలకి నీళ్ళు పెడుతున్నాం

మరదలికి,

నువ్వు వెళ్ళిన మర్నాడే పక్కింటి లుఒ ముసలమ్మ వచ్చింది. అల్మారాలో కుండ చూసి గుండె మీద చెయ్యేసుకుంది. "హుయ్‌రోంగ్, ఆ కుండ ఆవిడ తిరిగి తెచ్చిందా? ఎలా పుచ్చుకున్నావు? ఇక మీ ఇంట్లో ఎవరికో ఒకరికి తల పట్టుకుంటుంది చూడు" అంది.

"ఎవరూ తిరిగి తేలేదు పిన్నీ. మా పిల్ల ఇంటికొచ్చింది, కుండ దాని చేతిలో ఉంది" అన్నాను.

ముసలమ్మ గుండె మీది చెయ్యి తీసేసి, "అయితే సరే, దానికి దోషం లేదు" అని టీ అడిగి తాగి వెళ్ళింది. అప్పుడు వెలిగింది నాకు, మీ నాన్న నా కుండ వద్దని, తన కుండే ఇవ్వమని ఎందుకన్నారో. నా కుండ అయితే అరువు కిందే ఉండేది, నువ్వు ఎప్పటికీ తెచ్చేదానివి కాదు.

ఇప్పటిదాకా ఈ ఇంట్లో ఎవరికీ తలనొప్పి లేదు. అయితే మీ అన్నయ్య అన్నం తినేటప్పుడు చెల్లెలు ఇలా వాయించింది, అలా వాయించింది అని తినే పుల్లలతో బల్ల మీద కొడుతున్నాడు. ఆయనకి తాళం బొత్తిగా లేదు. ఇంకో వారం ఇలాగే సాగితే నాకే వస్తుంది, వచ్చి వైద్యం చెయ్యి.

హుయ్‌రోంగ్